ఆ ఫైలు చేత్తో ముట్టుకోకండి

(నెల్లూరులో సిస్టమ్ అడ్మిన్లు, ఇంజినీరింగ్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? సరే.

ముందే చెప్పేస్తున్నా, ఏ టూల్ గొప్పదో తేల్చడానికి నేను రాలేదు. సర్వర్ల ఫైళ్లు మెషిన్‌తో రాయించే టూల్స్‌లో పప్పెట్టా, యాన్సిబులా, సాల్టా అని మొదలుపెడితే సాయంత్రం దాకా వాదించుకోవచ్చు, చివరికి ఎవరి టూల్‌తో వాళ్లు ఇంటికి పోతారు. సర్వర్ల మీద కాన్ఫిగరేషన్ ఫైళ్లు, అంటే ఏ సర్వీసు ఎలా నడవాలో చెప్పే ఫైళ్లు, చేత్తో రాయడం మానేసి మెషిన్‌తో రాయించుకుంటే ఏం సుఖం, ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుంది, ఆ రెండే మాట్లాడతాను.

మాట్లాడుకోవడానికి ఒక కంపెనీ ఉందనుకుందాం. రొయ్యల మేత అమ్ముతుంది. హెడ్డాఫీసు నెల్లూరు. డిపోలు ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు, సింగరాయకొండ, ఒంగోలు. ప్రతి డిపోలో బల్ల కింద ఒక చిన్న సర్వరు. దాని పని పెద్దదేం కాదు. బిల్లింగ్ కంప్యూటర్లకీ ప్రింటర్లకీ ఐపీ అడ్రసులు ఇస్తుంది, పేర్లని అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్ చూసుకుంటుంది, హెడ్డాఫీసుకి వీపీఎన్ అనే రహస్య దారి కలుపుతుంది, బిల్లింగ్ అప్లికేషన్ ముందు వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ నడుపుతుంది. ఒక్కో సర్వర్లో మనం చూసుకోవాల్సిన ఫైళ్లు ఓ పది ఉంటాయి. అన్ని డిపోల్లోనూ అవి దాదాపు ఒకటే. తేడా అంతా డిపో పేరు, నెట్‌వర్క్ నంబరు, ప్రింటర్ అడ్రసు లాంటి నాలుగైదు ముక్కల్లో ఉంటుంది.

ఇప్పుడు కావలిలో కొత్త డిపో పెట్టారు. మనవాళ్లు ఏం చేస్తారు? ఒంగోలు సర్వర్లో ఫైళ్లు కాపీ కొట్టి, ఒంగోలు అన్నచోటల్లా కావలి అని మారుస్తారు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవాళ్లు చేసేదీ ఇదే. పాత దస్తావేజు తెరిచి పేర్లు, సర్వే నంబరు, హద్దులు మార్చి ప్రింటు తీస్తారు. అన్నీ మారతాయి, పడమటి హద్దులో మాత్రం పాత పార్టీ పక్క పొలం వాడి పేరే ఉండిపోతుంది. సంతకాలూ అయిపోతాయి. మళ్లీ అమ్మబోయినప్పుడు గానీ బయటపడదు. మన ఫైల్లో మిగిలిపోయిన ఒంగోలు అయితే ఇంకా ముందే బయటపడుతుందిలెండి. కావలిలో ప్రింటు కొడితే బిల్లు ఒంగోల్లో వస్తుంది.

టెంప్లేటు అంటే మారే ముక్కల్ని ఖాళీలుగా వదిలేసిన ఫైలు. యాన్సిబుల్‌లో, సాల్ట్‌లో దానికి జింజా అనే టెంప్లేటు భాష వాడతారు. ఫైల్లో అంతా మామూలుగానే రాస్తారు, డిపో పేరు రావాల్సినచోట మాత్రం రెండేసి ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య వేరియబుల్ పేరు పెడతారు. షెఫ్‌లో, పప్పెట్‌లో ఈఆర్‌బీ అని రూబీ భాష వాసన కొట్టే ఇంకో పద్ధతి. బ్రాకెట్లు మారతాయి, పని అదే. ఇటు టెంప్లేటు, అటు డిపోల వివరాలు. రెండూ కలిస్తే ఫైలు.

ఇదేం కొత్త ఆలోచన కాదు. 1993లోనే ఓస్లోలో ఫిజిక్స్ పరిశోధకుడిగా ఉన్న మార్క్ బర్జెస్ సీఎఫ్ఇంజిన్ అనే ఇలాంటి టూల్ రాశాడు, ఒక్కో రకం యూనిక్స్‌కి ఒక్కో స్క్రిప్టు మోసుకు తిరిగే బాధ తప్పించుకోవడానికి. 2005లో ల్యూక్ కేనీస్ పప్పెట్, 2009లో షెఫ్, 2011లో సాల్ట్, 2012లో మైకేల్ డిహాన్ యాన్సిబుల్. దాన్ని 2015లో రెడ్ హ్యాట్ కొనుక్కుంది. పప్పెట్‌లో ప్రతి సర్వర్ మీదా ఏజెంటు అనే ఒక చిన్న ప్రోగ్రాం కూర్చుని, మామూలుగా అయితే అరగంటకోసారి తనంతట తానే వచ్చి చూసుకుంటుంది. యాన్సిబుల్ ఎస్ఎస్‌హెచ్ అనే రిమోట్ లాగిన్ మీద మనం పంపినప్పుడే పోతుంది. నేను ఎక్కువగా వాడేది యాన్సిబుల్ కాబట్టి ఉదాహరణలు అందులోంచే వస్తాయి.

టెంప్లేటు రాయడం ఒక పూటలో నేర్చుకోవచ్చు. అసలు కష్టం అక్కడ లేదు. ఏ విషయం ఎక్కడ రాయాలి అన్నదాంట్లో ఉంది. హెడ్డాఫీసు డీఎన్ఎస్ సర్వర్ అడ్రసు 10.20.0.5 అనుకోండి. అది డిపో డీఎన్ఎస్ ఫైల్లో ఉంటుంది, వీపీఎన్ ఫైల్లో ఉంటుంది, ఫైర్‌వాల్ రూల్లో ఉంటుంది, మానిటరింగ్‌లో ఉంటుంది. నాలుగు టెంప్లేట్లలోనూ ఆ అంకె నేరుగా కొట్టేశారంటే మీరు ఆటోమేట్ చేసింది టైపింగ్ ఒక్కటే. రేపు ఆ అడ్రసు మారినప్పుడు మళ్లీ వెతుకులాట మొదలు. దానికి ఒకే చోటు ఉండాలి. యాన్సిబుల్‌లో గ్రూప్ వేరియబుల్స్, పప్పెట్‌లో హైరా, సాల్ట్‌లో పిల్లర్, ఇవన్నీ అందుకే ఉన్నాయి.

ఇంకో అడుగు ముందుకి పోదాం. డిపోలకి నంబర్లు ఇచ్చారనుకోండి. ఒంగోలు 6, కావలి 7. ఆరో నంబరు డిపో నెట్‌వర్క్ 10.20.6.0, దాని గేట్‌వే 10.20.6.1, ప్రింటర్ 10.20.6.20 అని లెక్క పెట్టుకుంటే కొత్త డిపోకి మీరు రాయాల్సింది పేరూ నంబరే. మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. ఇది చూసి కొందరికి ఉత్సాహం ఎక్కువై అన్నీ లెక్కలోంచే రాబట్టాలని చూస్తారు. ముత్తుకూరు డిపోలో ప్రింటర్ ఏదో కారణంతో 25లో ఉంటుంది, దాని కోసం టెంప్లేట్లో "ముత్తుకూరు అయితే" అని ఒక షరతు పెడతారు. తర్వాత అల్లూరికి ఇంకోటి. ఏడాది తిరిగేసరికి ఆ టెంప్లేటు చదివి ఫైలు ఎలా వస్తుందో చెప్పగలిగేవాడు ఊళ్లో ఉండడు. షరతులు టెంప్లేట్లోకి రానివ్వకండి. మామూలు లెక్క ఒకటి, డిపోకి ప్రత్యేకంగా ఏదైనా ఉంటే ఆ డిపో వివరాల ఫైల్లో ఒక లైను. అంతే.

సర్వరు తన గురించి తాను చెప్పే వివరాలు కూడా ఉంటాయి. ర్యామ్ ఎంత, కోర్లు ఎన్ని, ఏ లినక్స్. యాన్సిబుల్ వీటిని ఫ్యాక్ట్స్ అంటుంది, సాల్ట్ గ్రెయిన్స్ అంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి షేర్డ్ బఫర్స్ అనే మెమరీ భాగాన్ని ర్యామ్‌లో పాతిక శాతం దగ్గర మొదలుపెట్టమని వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతుంది కదా, దాన్ని టెంప్లేట్లో భాగహారంగా రాసేయొచ్చు. రాయండి, కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఎవరో ర్యామ్ పెంచారు, మీకు చెప్పలేదు. తర్వాత మీరు వేరే పనికి ప్లేబుక్, అంటే యాన్సిబుల్‌కి ఇచ్చే పనుల జాబితా, నడిపారు. బఫర్ సైజు మారింది, అది మారితే డేటాబేస్ రీస్టార్ట్ కావాలి, మధ్యాహ్నం బిల్లింగ్ రద్దీలో అయింది. మీరు చేసింది ఏంటంటే ఒక టైమ్‌జోన్ సరిచేయడం.

బాగా ఉపయోగపడేది మాత్రం ఒక సర్వర్ ఫైల్లో మిగతా సర్వర్ల వివరాలు రావాల్సిన చోట. నాగియోస్ లాంటి మానిటరింగ్ సర్వర్లో డిపోలన్నిటి జాబితా ఉండాలి, బ్యాకప్ సర్వర్లో ఉండాలి, హెడ్డాఫీసు డీఎన్ఎస్‌లో ఉండాలి. చేత్తో చేసినప్పుడు కొత్త డిపోని ఈ మూడింట్లో ఒకదాంట్లో తప్పకుండా మర్చిపోతాం, అదీ బ్యాకప్‌లోనే మర్చిపోతాం. పప్పెట్‌లో ఎక్స్‌పోర్టెడ్ రిసోర్సెస్ అని దీనికోసమే ఒక ఏర్పాటు ఉంది. యాన్సిబుల్‌లో ఇన్వెంటరీ, అంటే సర్వర్ల జాబితా, దాని మీద లూప్ తిప్పితే సరిపోతుంది. కాకపోతే ఆ లూపులో ఫ్యాక్ట్స్ మీద ఆధారపడకండి. మీరు ఒక్క మానిటరింగ్ సర్వర్ మీదే ప్లేబుక్ నడిపితే మిగతా డిపోల ఫ్యాక్ట్స్ అప్పటికి సేకరించి ఉండవు. అదృష్టం బాగుంటే ఎర్రర్ వస్తుంది. "లేకపోతే ఖాళీ" అని ఎవరో డిఫాల్ట్ పెట్టి ఉంటే ఖాళీ జాబితాతో ఫైలు తయారవుతుంది, మానిటరింగ్‌లో అంతా పచ్చగా కనిపిస్తుంది. చూడటానికి ఏమీ లేదు కదా, పచ్చగా ఉండక ఏమవుతుంది?

ఇప్పుడు ఐడెంపొటెన్స్. ఒకసారి నడిపినా పదిసార్లు నడిపినా ఫలితం ఒకటే ఉండాలి, రెండోసారి నడిపినప్పుడు ఏమీ మారకూడదు. అందరూ తలూపుతున్నారు, పుస్తకంలో ఉంటుంది కాబట్టి. దీన్ని చెడగొట్టే మామూలు పని ఏంటంటే ఫైలు పైన "తయారైన సమయం" అని కామెంటు పెట్టడం. ప్రతిసారీ సమయం మారుతుంది, ఫైలు మారిందనుకుంటుంది, సర్వీసు రీస్టార్ట్ అవుతుంది.

డీఎన్ఎస్ జోన్ ఫైల్లో, అంటే పేర్లూ అడ్రసులూ రాసుండే ఫైల్లో, ఇది ఇంకా చిక్కు. జోన్‌కి ఒక సీరియల్ నంబర్ ఉంటుంది, ఫైలు మార్చినప్పుడల్లా అది పెరగాలి. పెరగకపోతే దాని కాపీ ఉంచుకునే సెకండరీ సర్వరు కొత్త జోన్ తెచ్చుకోదు, పాతదే చెబుతూ ఉంటుంది. చాలామంది తేదీ, పక్కన రెండంకెలు కలిపి రాస్తారు. టెంప్లేట్లో ఇవాళ్టి తేదీ వేసేశారంటే ఏమీ మారకపోయినా రేపు ఫైలు మారుతుంది. అదే రోజు రెండుసార్లు నిజంగా మార్చారంటే మాత్రం సీరియల్ పెరగదు. రెండు వైపులా తప్పే. పోనీ గంటా నిమిషం కూడా కలిపేద్దామంటే పన్నెండంకెలు అవుతుంది, సీరియల్ 32 బిట్ల సంఖ్య, 4294967295 దాటితే కుదరదు. నా పద్ధతి మొరటుది. సీరియల్‌ని కూడా డేటా ఫైల్లోనే పెడతాను, రికార్డులు మార్చినవాడే దాన్నీ పెంచాలి, పెంచకపోతే, మార్పుల లెక్క రాసుకునే గిట్‌లో కమిట్ కానివ్వను.

యామల్ గురించి, అంటే ఈ డిపోల వివరాలు రాసే ఫార్మాట్ గురించి, ఒక్క మాట చెప్పకుండా ముందుకి పోలేను, మన జిల్లాలకి సంబంధించిన సంగతి కాబట్టి. డిపోలకి రెండక్షరాల కోడ్ పెడదామనుకున్నారు. నెల్లూరుకి ఎన్, ఈ. ఒంగోలుకి ఓ, ఎన్. యాన్సిబుల్ చదివే యామల్‌లో ఆ రెండక్షరాలు కొటేషన్లు లేకుండా రాస్తే అది స్విచ్ ఆన్ అన్నమాట, అంటే నిజం. టెంప్లేట్లోంచి బయటికొచ్చేసరికి ఒంగోలు డిపో పేరు "ట్రూ" అయిపోతుంది. నార్వే దేశం కోడ్ ఎన్, ఓ అయినందుకు, అంటే అది 'నో' అయినందుకు, అక్కడివాళ్లు పడ్డ తిప్పలు ప్రపంచమంతా చెప్పుకుంటుంది, మన ఒంగోలు గురించి ఎవరూ చెప్పుకోరు. రైల్వేవాళ్లు ఓజీఎల్ అని పెట్టుకున్నారు, వాళ్లకి ఈ గొడవ లేదు. డిపో నంబరు 010 అని సున్నాతో మొదలుపెట్టి రాస్తే దాన్ని ఎనిమిదుల లెక్కలో చదివి 8 అంటుంది, ఇదీ అలాంటిదే. అక్షరాలుగా ఉండాల్సినవన్నీ కొటేషన్లలో పెట్టండి.

ఫైలు తయారైంది. దాన్ని అసలు చోట పెట్టేముందు పరీక్షించాలి. మెషిన్ రాసింది కదా, తప్పెందుకు ఉంటుంది అనుకోవద్దు. చేత్తో చేసిన తప్పు ఒక డిపోలో ఉంటుంది, మెషిన్‌తో చేసిన తప్పు అన్ని డిపోల్లోనూ ఒకే నిమిషంలో ఉంటుంది. యాన్సిబుల్ టెంప్లేట్ మాడ్యూల్‌లో వ్యాలిడేట్ అని ఒకటుంది. ఫైల్ని ముందు తాత్కాలికంగా పక్కన రాసి, మీరు చెప్పిన కమాండ్‌తో పరీక్షించి, పాసైతేనే పాతదాని స్థానంలో పెడుతుంది. సుడో కమాండ్‌తో అడ్మిన్ అధికారం ఎవరికో చెప్పే సుడోయర్స్ ఫైలుకి విసుడో ఉంది, ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కీ, లోడ్ పంచే హెచ్ఏప్రాక్సీకీ, ఐపీ అడ్రసులూ డీఎన్ఎస్ చూసుకునే డీఎన్ఎస్‌మాస్క్‌కీ వాటి పరీక్షలు వాటికున్నాయి. ముఖ్యంగా సుడోయర్స్‌కి ఇది లేకుండా టెంప్లేటు రాయకండి. పాత వెర్షన్లలో ఆ ఫైల్లో ఒక తప్పు ఉంటే సుడో మొత్తం మొరాయిస్తుంది, దాన్ని సరిచేయడానికి కావాల్సింది కూడా సుడోనే.

ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గర ఒక తిరకాసుంది. డిపోకి మనం తయారుచేసేది సర్వర్ బ్లాక్ ఒక్కటే, అది పెద్ద ఫైల్లో హెచ్‌టీటీపీ బ్లాక్ లోపలికి ఇన్‌క్లూడ్ అవుతుంది. ఆ ముక్కని విడిగా పరీక్షిస్తే ఎంత మంచి ఫైలైనా ఫెయిల్ అంటుంది. అందుకని దాన్ని బ్యాకప్ ఉంచుకుని పెట్టి, తర్వాత వేరే టాస్క్‌గా ఎన్‌జిన్‌ఎక్స్ హైఫన్ టీ అనే పరీక్ష కమాండ్ నడిపి, అది పాసైతేనే రీలోడ్ చేయించాలి, అంటే సర్వీసు ఆపకుండా ఫైలు మళ్లీ చదివించాలి, ఫెయిలైతే బ్యాకప్ వెనక్కి పెట్టించాలి. తప్పు ఫైలుతో రీలోడ్ ఇచ్చినా ఎన్‌జిన్‌ఎక్స్ పాత కాన్ఫిగరేషన్‌తోనే నడుస్తూ ఉంటుంది, అది దాని మంచితనం. ఆ మంచితనం వల్లే తప్పు ఫైలు డిస్కు మీద నెలల తరబడి ఎవరికీ తెలియకుండా పడుంటుంది. నవంబరు వానల్లో కరెంటు పోయి వచ్చి సర్వర్ మళ్లీ లేచినప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్ లేవదు.

డీఎన్ఎస్‌మాస్క్‌ది ఇంకో స్వభావం. దానికి 'మళ్లీ చదువుకో' అనే హప్ సిగ్నల్ పంపితే హోస్ట్స్ ఫైలు మళ్లీ చదువుకుంటుంది గానీ అసలు కాన్ఫిగరేషన్ ఫైలు చదవదు. రీస్టార్టే చేయాలి. ఏ సర్వీసుకి ఏది సరిపోతుందో దాని మ్యాన్ పేజీలో, అంటే మాన్యువల్లో, చూసుకోండి, అన్నిటికీ రీలోడ్ రాసేసి ఊరుకోకండి.

యాన్సిబుల్ హ్యాండ్లర్ల గురించి కూడా చెప్పాలి. ఫైలు మారితే హ్యాండ్లర్‌కి కబురు పోతుంది, అది ప్లే అనే ఆ పనుల వరస చివర్లో ఒకసారి నడిచి సర్వీసుని రీస్టార్ట్ చేస్తుంది. బాగానే ఉంది. మధ్యలో వేరే టాస్క్ ఫెయిలైతే? ఆ సర్వర్‌కి ప్లే అక్కడే ఆగిపోతుంది, హ్యాండ్లర్ నడవదు. మీరు తప్పు సరిచేసి మళ్లీ నడుపుతారు. ఈసారి ఫైలు ముందే మారిపోయి ఉంది కాబట్టి "మార్పు లేదు" అంటుంది, కబురు పోదు, రీస్టార్ట్ జరగదు. స్క్రీన్ మీద అంతా ఆకుపచ్చ. డిస్కు మీద కొత్త ఫైలు, మెమరీలో పాత సర్వీసు. ఫోర్స్ హ్యాండ్లర్స్ అని ఒక సెట్టింగ్ ఉంది, పెట్టుకోండి. దీని మీద ఒక రోజంతా పోగొట్టుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారని నాకు తెలుసు, పేర్లు చెప్పను.

చేత్తో ముట్టుకోవడం సంగతికి వద్దాం. ఒకచోట పప్పెట్ పెట్టారు. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు బిల్లింగ్ ఆగిపోతే సర్వర్లోకి పోయి టైమవుట్ విలువ పెంచాడు. పనిచేసింది, పోయి పడుకున్నాడు. అరగంటలోపు ఏజెంటు వచ్చి పాత విలువ పెట్టేసి పోయింది. మళ్లీ ఆగింది, మళ్లీ ఫోన్లు. "ఏంది సార్ ఇది, నేను మార్చింది ఎట్టా పోయింది?" అన్నాడు. మూడోసారికి ఏజెంట్‌నే ఆపేశాడు. ఆపేసినట్టు ఎవరికీ చెప్పలేదు. ఆ కుర్రాడి తప్పని నేను అనను. ఫైలు మొదటి లైన్లో "ఇది ఫలానా చోట నుంచి తయారవుతోంది, ఇక్కడ మారిస్తే పోతుంది, మార్చాలంటే ఆ గిట్‌లో ఈ ఫైల్లో మార్చు" అని రాసి ఉంటే సరిపోయేది. "దీన్ని యాన్సిబుల్ చూసుకుంటోంది" అని ఊరికే రాస్తే రాత్రి రెండింటికి ఎవరికీ ఉపయోగపడదు. ఎక్కడ మార్చాలో రాయండి. ఆ అర్ధరాత్రి మార్పు నడిపించే అనుమతి కూడా అతనికి ఇవ్వండి.

తీసేయడం అందరూ మర్చిపోయే పని. విడవలూరు డిపో మూసేశారు. డేటాలోంచి దాని లైను కొట్టేశారు. టెంప్లేటు ఇక ఆ ఫైలు తయారుచేయదు, నిజమే, కానీ ఇంతకుముందు తయారుచేసిన ఫైలు కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్లో అలాగే ఉంది, సర్వీసు దాన్ని చదువుతూనే ఉంది. పప్పెట్‌లో ఆ ఫోల్డర్‌కి పర్జ్ పెట్టి లెక్కలో లేని ఫైళ్లు తీయించొచ్చు. యాన్సిబుల్‌లో ఉండకూడదని మనమే చెప్పాలి. డిపోలన్నీ ఒకే ఫైల్లో వచ్చేలా టెంప్లేటు రాసుకుంటే ఈ బాధ చాలావరకు పోతుంది.

పాస్‌వర్డ్‌లు యాన్సిబుల్ వాల్ట్‌లో, అంటే గుప్తంగా రాసే ఫైల్లో, దాచుకోండి. డిఫ్, అంటే పాత కొత్త ఫైళ్ల తేడా, చూపించమని నడిపినప్పుడు అవే పాస్‌వర్డ్‌లు స్క్రీన్ మీద పడతాయి కాబట్టి ఆ టాస్కులకి డిఫ్ ఆపేయండి.

నడిపే పద్ధతి: ముందు, నిజంగా ఏమీ మార్చకుండా చూపించే చెక్ మోడ్‌లో డిఫ్‌తో చూడండి, తర్వాత ఒక్క డిపో మీద. ఏ డిపో? నేనైతే ఇందుకూరుపేట. ఏదైనా అయితే బండేసుకుని పోయి మానిటర్ పెట్టి చూసుకోవచ్చు. సింగరాయకొండతో మొదలుపెట్టకండి. ఇందాకటి డీఎన్ఎస్ సీరియల్ కాదు, యాన్సిబుల్‌లో సీరియల్ అన్న సెట్టింగ్‌తో ఒక్కొక్కటిగా పోయేలా పెట్టుకోండి. వీపీఎన్ ఫైలు విషయంలో ఇంకా జాగ్రత్త. మీరు ఆ సర్వర్‌కి చేరేదే ఆ వీపీఎన్ మీద. కొత్త ఫైలు తప్పైతే కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే. పది నిమిషాల్లో పాత ఫైల్ని వెనక్కి పెట్టే జాబ్ ఒకటి ముందు పెట్టి, కొత్తదాంతో లోపలికి పోగలిగితే దాన్ని రద్దు చేయండి.

నా మాటలు ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: మాకున్నది రెండు సర్వర్లే సార్, ఇదంతా అవసరమా?)

రెండుంటే ఫైళ్లు రాయడంలో కలిసొచ్చే టైమ్ ఏమీ ఉండదు. కానీ డిస్కు పోయిన రోజు ఆ సర్వర్ మీద ఏమేం మార్చారో మీకు గుర్తుందా? బ్యాకప్‌లో డేటాబేస్ ఉంటుంది, కాన్ఫిగరేషన్ ఫైళ్లుండే ఈటీసీ ఫోల్డర్ చాలామంది తీయరు. ఆ ఒక్క కారణానికైనా రాసుకోండి. అన్నీ అక్కర్లేదు, లినక్స్ డిస్ట్రోతో వచ్చినదానికి తేడాగా మీరు మార్చిన ఫైళ్లు చాలు.

(సభలోంచి: కుబర్నెటీస్ వచ్చాక ఇంకా ఇవి ఎందుకు?)

కుబర్నెటీస్ కంటైనర్లని నడిపించి చూసుకుంటుంది, సరే, అది నడిచే మెషిన్లని ఎవరు సిద్ధం చేస్తారు? పైగా దాని మీద అప్లికేషన్లు పెట్టడానికి వాడే హెల్మ్ చార్టు తెరిచి చూడండి, అందులో ఉన్నదీ టెంప్లేటే, గో భాషది. యామల్‌ని టెంప్లేటుతో పుట్టించడం కాబట్టి స్పేసులు కూడా లెక్కపెట్టుకోవాలి. నన్నడిగితే జేసన్, యామల్ ఫైళ్లకి టెంప్లేటే వద్దు. డేటాని తయారుచేసుకుని ఫిల్టర్‌తో నేరుగా ఆ రూపంలోకి మార్చేయండి.

(సభలోంచి: ఇప్పటికే చేత్తో రాసిన సర్వర్లు ఇరవై దాకా ఉన్నాయి సార్. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?)

ఒక్క ఫైలు తీసుకోండి, పోయినా పెద్ద నష్టం లేనిది. టైమ్ సింక్ చేసే క్రోనీ ఫైలు మంచిది. ఇరవై సర్వర్లలోంచీ దాన్ని తెచ్చి పక్కపక్కన పెట్టి డిఫ్ తీయండి. ప్రతి తేడా దగ్గరా ఆగి అడగండి. కొన్ని తేడాలు నిజంగా ఆ సర్వర్‌కి కావాల్సినవి, అవి డేటాలోకి పోతాయి. కొన్ని పొరపాట్లు. కొన్ని మాత్రం ఎప్పుడో ఎవరో ఏదో సమస్యకి వేసిన మందు, కామెంటు కూడా ఉండదు. అవి తీసేముందు పాతవాళ్లకి ఫోన్ చేయండి. తర్వాత మీ టెంప్లేటు ఏ సర్వర్లో ఉన్న ఫైల్ని ఆ సర్వర్‌కి ఉన్నదున్నట్టు పుట్టించాలి, తప్పులతో సహా. చెక్ మోడ్‌లో ఇరవైలోనూ మార్పు సున్నా అని చూపించేదాకా ఏదీ శుభ్రం చేయొద్దు. సున్నా వచ్చాక ఒక్కో తప్పుకి ఒక్కో కమిట్ చొప్పున సరిచేసుకుంటూ రండి. అది అయ్యాక రెండో ఫైలు.